వైరు పీకి చూపించండి

పైడిభీమవరంలో ఏ మందుల ఫ్యాక్టరీ యుటిలిటీ బ్లాకులోకి వెళ్లినా చెవులకు వినిపించేది ఒకటే హోరు. నీళ్లని చల్లబరిచే చిల్లర్లు, కంప్రెసర్లు, బాయిలర్, డీజీ సెట్లనే డీజిల్ జనరేటర్లు, డాబా మీద కూలింగ్ టవర్లు. ప్యానెల్ తలుపులు తీసి చూస్తే మాత్రం దేని దారి దానిదే. చిల్లర్ మోడ్‌బస్ అనే భాషలో మాట్లాడుతుంది. గదులకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూల కంట్రోలర్లది బ్యాక్‌నెట్. బాయిలర్‌ని నడిపే చిన్న కంప్యూటర్, అంటే పీఎల్‌సీది ప్రొఫీబస్. కొత్తగా వచ్చిన వాటర్ ప్లాంటు ఓపీసీ యూఏ ఇస్తానంటుంది. ఎవరూ కావాలని ఇలా కొనలేదు. చిల్లర్ ఒక టెండర్లో వచ్చింది, బాయిలర్ ఇంకో టెండర్లో. ఎనర్జీ మీటర్లు కరెంటు బిల్లు చూసి పైవాళ్లు కేకలేసిన ఏడాది వచ్చాయి. ఆ తర్వాత ఎప్పుడో ఒక మేనేజరుగారు వచ్చి "ఇవన్నీ ఒకే స్క్రీన్ మీద కనపడాలి" అంటారు. నా పని అక్కడ మొదలవుతుంది.

ఆ పనిలో సగం గేట్‌వేలే. ఒక ప్రోటోకాల్ లోంచి, అంటే ఒక యంత్రాల భాషలోంచి తీసుకుని ఇంకో ప్రోటోకాల్‌లోకి ఇచ్చే డబ్బాలు. అరచేయంత ఉంటాయి, ప్యానెల్లో రైలు మీద క్లిప్పులా కూర్చుంటాయి, 24 వోల్టులు ఇస్తే చాలు. శ్రీకాకుళంలో ఇల్లు, పని మాత్రం పైడిభీమవరం, రాజాం, బొబ్బిలి, విజయనగరం. వీటిని బిగిస్తాను. ఇంకొకరు బిగించినవి ఎందుకు మొరాయిస్తున్నాయో చూస్తాను. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏటి సేస్తన్నావు బావూ" అని అడిగితే ఇదంతా చెప్పే ఓపిక లేక "ఏసీ పని" అనేస్తాను. వెంటనే వాళ్లింట్లో ఏసీ ఎందుకు చల్లబడటం లేదో మొదలవుతుంది.

అసలు ఇన్ని ప్రోటోకాళ్లు ఎందుకంటే, వీటిని పుట్టించిన వాళ్లకు ఒకరితో ఒకరికి పని లేదు. మోడ్‌బస్ 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం చేసుకున్నది. ఫ్యాక్టరీ సరుకు. అది నంబర్లిచ్చిన గదుల వరస, అంతే. ఆ గదుల్నే రిజిస్టర్లు అంటారు. ఫలానా గదిలో ఏముందో చెప్పు అంటే చెబుతుంది. అందులో ఉన్నది ఉష్ణోగ్రతా, వోల్టేజా, డిగ్రీలా, డిగ్రీకి పదింతలా అన్నది దానికి తెలియదు. బ్యాక్‌నెట్ బిల్డింగ్ వాళ్లది. అమెరికాలో ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే 1987లో కమిటీ వేస్తే 1995లో స్టాండర్డుగా వచ్చింది. 2003లో ఐఎస్‌ఓ కూడా తీసుకుంది. ఇందులో ప్రతి పాయింటూ, అంటే ఒక్కో కొలతా ఒక్కో ఆదేశమూ, ఒక వస్తువు. దానికి పేరుంటుంది, యూనిట్లుంటాయి, ప్రస్తుత విలువ ఉంటుంది, ఆరోగ్యం బాగుందో లేదో చెప్పే జెండాలు ఉంటాయి. ఆఫీసు బిల్డింగు ఏసీకి బాయిలర్ సంగతి అక్కర్లేదు, జూట్ మిల్లు పీఎల్‌సీకి గది ఎంత చల్లగా ఉందో అక్కర్లేదు. కాబట్టి చాలాకాలం ఎవరి లోకం వాళ్లదిగానే నడిచింది.

మందుల ఫ్యాక్టరీలో అలా కుదరదు. అక్కడ బిల్డింగే ఒక మిషను. శుభ్రమైన గదిలో గాలి పీడనం పక్క గది కంటే 10 నుంచి 15 పాస్కల్స్ ఎక్కువ ఉంచుతారు. తలుపు తీసినప్పుడు గాలి లోపలినుంచి బయటికే పోవాలి, బయటి దుమ్ము లోపలికి రాకూడదు. 10 పాస్కల్స్ అంటే ఒక్క మిల్లీమీటరు నీటి మట్టం బరువంత. అంత చిన్న తేడాని రాత్రీ పగలూ నిలబెట్టాలి, నిలబెట్టినట్టు రికార్డూ చూపించాలి. అది నిలవాలంటే ఏహెచ్‌యూ తిరగాలి, చిల్లర్ చల్లనీళ్లు ఇవ్వాలి, మోటారు వేగం మార్చే డ్రైవ్ చెప్పిన వేగంతో నడవాలి. బిల్డింగు వాళ్ల ప్రోటోకాలూ ఫ్యాక్టరీ వాళ్ల ప్రోటోకాలూ ఒకే గోడకి రెండు వైపులా కూర్చుంటాయి. మధ్యలో గేట్‌వే.

ఈ డబ్బా ఎలా పనిచేస్తుందో తెలియకపోతే తర్వాత చెప్పబోయేది అర్థం కాదు. చాలామంది అనుకునేదేమంటే, బిల్డింగు మొత్తాన్ని చూసే కంప్యూటర్, అంటే బీఎంఎస్ స్క్రీన్ అడిగినప్పుడు గేట్‌వే వెళ్లి చిల్లర్‌ని అడిగి జవాబు తెచ్చిస్తుందని. ఎక్కువ గేట్‌వేల్లో అలా జరగదు. ఆమదాలవలస స్టేషన్లో ఒకప్పుడు ఏ రైలు ఎంత లేటో సుద్దముక్కతో నల్లబోర్డు మీద రాసేవారు. రాసేవాడు తన తీరిక కొద్దీ వచ్చి రాసిపోతాడు, ప్రయాణికులు తమ తీరిక కొద్దీ వచ్చి చదువుకుంటారు. ఇద్దరికీ ముఖపరిచయం ఉండదు. గేట్‌వే లోపల కూడా అలాంటి పట్టిక ఒకటి ఉంటుంది. ఒక వైపు అది మోడ్‌బస్ పరికరాలను వరసగా అడుగుతూ వచ్చిన నంబర్లు పట్టికలో రాస్తుంది. రెండో వైపు బీఎంఎస్ వచ్చి పట్టికలో ఉన్నది చదువుకుపోతుంది. బోర్డు మీద అంకె ఉన్నంత మాత్రాన రాసేవాడు డ్యూటీలో ఉన్నాడని కాదు. ఈ ఒక్క సంగతి చుట్టూనే నా గొడవంతా.

దానికంటే ముందు మామూలుగా వచ్చే తలనొప్పులు చెప్పాలి, ఎందుకంటే కమిషనింగ్ రోజులన్నీ, అంటే బిగించినదాన్ని పనిలో పెట్టే రోజులన్నీ వాటికే పోతాయి.

మొదటిది మ్యాపింగ్, అంటే ఏ రిజిస్టరు ఏ పాయింటో జత చేయడం. ఎనర్జీ మీటరు 230 వోల్టులు చూపిస్తోంది అనుకుందాం. చాలా మీటర్లలో ఆ నంబరు ఒక్క రిజిస్టర్లో ఉండదు. 32 బిట్ల దశాంశ రూపంలో రెండు రిజిస్టర్లలో కూర్చుంటుంది. హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో చూస్తే మొదటిదానిలో 4366, రెండోదానిలో 0000. మామూలు అంకెల్లో 17254, ఆ పక్కన సున్నా. కొన్ని మీటర్లు పెద్ద ముక్క ముందు పంపిస్తాయి, కొన్ని చిన్న ముక్క ముందు పంపిస్తాయి. గేట్‌వేలో ఆ వరస తిరగేసి పెడితే స్క్రీన్ మీద వోల్టేజి సున్నా వస్తుంది. వరస సరిగ్గా ఉండి, దశాంశ సంఖ్య అని కాకుండా పూర్ణసంఖ్య అని పెడితే అదే 230 కాస్తా 113 కోట్లు దాటుతుంది. ఇవి రెండూ మంచి తప్పులే, చూడగానే దొరికిపోతాయి.

దొరకని తప్పులు వేరు. మోడ్‌బస్ మాన్యువల్లో 40001 అని రాసిన రిజిస్టరు వైరు మీద వెళ్లేటప్పుడు సున్నా నంబరుది. ఒక మాన్యువల్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, ఇంకోటి సున్నా నుంచి. ఒక్కో ఫేజు ఒక్కో రిజిస్టర్లో ఉండే మీటరైతే ఆ తేడాలో ఆర్ ఫేజు చోట వై ఫేజు వచ్చి కూర్చుంటుంది. 231 చోట 232 కనపడితే ఎవరికి అనుమానం వస్తుంది? అందుకే స్క్రీన్ మీద నంబరు బాగుందని నేను సంతకం పెట్టను. మీటరు ముందు మనిషిని నిలబెట్టి, ఆ మీటరుకి వోల్టేజి వచ్చే ఫ్యూజు ఒక్కొక్కటే తీయించి, స్క్రీన్ మీద ఏ ఫేజు పడిపోయిందో ఫోన్లో చెప్పించుకుంటాను. విసుగు పనే. "మూడు ఫేజులూ ఒకేలా ఉన్నాయి కదండీ, సరిపోదా" అని ప్రతి సైట్లోనూ ఒకరు అంటారు. ఒకేలా ఉన్నాయి కాబట్టే తీసి చూడాలి.

రెండోది వైరు. ఆర్‌ఎస్-485 అని రెండు తీగల లైను. నెమ్మది వేగంలో 1200 మీటర్ల దాకా లాగొచ్చు, మామూలు లెక్కన 32 పరికరాలు కట్టొచ్చు. కాకపోతే ఒక పరికరం నుంచి ఇంకోదానికి, దాన్నుంచి తర్వాతదానికి వరసగా పోవాలి. రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. మన ఎలక్ట్రీషియన్లు లైటింగ్ వైరింగ్ చేసిన చేత్తోనే జంక్షన్ బాక్సు ఒకటి పెట్టి అక్కడినుంచి నాలుగు వైపులకీ లాగేస్తారు. బొబ్బిలి గ్రోత్ సెంటర్లో ఒకాయనతో నాకు ఈ విషయంలో పెద్ద వాదనే అయింది. "లైటుకి లేని రూలు ఈ సన్న వైరుకేటి బాబూ? దీన్లో పవరేటుంది?" అన్నాడు. పవర్ లేకపోవడమే బాధ. లైటు తీగలో 230 వోల్టులకి పక్కనుంచి నాలుగు వోల్టులు కలిసినా బల్బుకి తెలియదు. ఈ లైను బతికేదే వోల్టో రెండు వోల్టులో ఉండే తేడా మీద. ఫెర్రో ఎల్లాయ్స్ ఫర్నేసుల దగ్గర, పెద్ద డ్రైవ్‌ల కేబులు పోయే ట్రేలోనే దీన్నీ పడేస్తే ఇక అంతే. పగలంతా బాగుంటుంది, మోటారు స్టార్టయినప్పుడల్లా పోతుంది. ఆయన చివరికి ట్రే మార్చాడు గానీ నా మీద గౌరవంతో కాదు, సూపర్‌వైజరు మీద భయంతో.

ఏ, బీ అని టెర్మినళ్ల మీద రాసి ఉంటుంది, దాన్ని నమ్మకండి. ఒక తయారీదారు ఏ అన్నదాన్ని ఇంకొకరు బీ అంటారు. జవాబు రాకపోతే తిప్పి పెట్టండి, ఏమీ కాలిపోదు. తీరం దగ్గరి యూనిట్లలో స్క్రూల మీద పచ్చటి చిలుము పట్టేస్తుంది, అదొకటి చూసుకోవాలి.

మూడోది వేగం. దీన్ని ఎవరూ లెక్కవేయరు, నాకేమో లెక్కవేయకుండా పని మొదలుపెట్టడం ఇష్టం ఉండదు. సెకనుకి 9600 బిట్ల వేగంలో ఒక అక్షరం పంపడానికి, తప్పు పట్టుకునే పారిటీ బిట్టుతో కలిపి 11 బిట్లు, అంటే మిల్లీసెకను పైన కొంచెం. అడగడానికి 8 అక్షరాలు. పది రిజిస్టర్లకి జవాబు 25 అక్షరాలు. మధ్యలో విరామాలు, మీటరు ఆలోచించుకునే సమయం కలిపితే ఒక్క ప్రశ్నకి దాదాపు సెకనులో పదో వంతు. 30 మీటర్లు ఒక్క లైను మీద ఉంటే ఒక చుట్టుకి 3 సెకన్లు. బాగానే ఉంది. ఇప్పుడు అందులో రెండు మీటర్లు ఆఫ్ చేసి ఉన్నాయనుకోండి. జవాబు కోసం ఒక సెకను ఆగాలి, రాకపోతే ఇంకో రెండుసార్లు అడగాలి అని గేట్‌వేలో పెట్టి ఉంటే, ఒక్కో చచ్చిన మీటరు దగ్గరా 3 సెకన్లు కాపలా. 3 సెకన్ల చుట్టు 9 సెకన్లు అయిపోయింది. బతికి ఉన్న 28 మీటర్లూ నెమ్మదించాయి. "మొన్నటిదాకా బాగానే ఉండేది, ఈమధ్య స్క్రీన్ స్లో అయిందండీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను కంప్యూటర్ గురించి అడగను. ఏ ప్యానెల్ షట్‌డౌన్‌లో ఉందని అడుగుతాను. మంచి గేట్‌వేల్లో చచ్చినదాన్ని కాసేపు వరసలోంచి తప్పించి, నిమిషానికోసారి పలకరించి చూసే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్ చేసుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మన వైపే ఒక ప్లాంట్‌లో జరిగింది, పేరు చెప్పను. గేట్‌వే బిగించింది నేను కాదు, తెల్లారాక నన్ను పిలిచారు.

రాత్రి రెండు ప్రాంతంలో చిల్లర్ ఆగిపోయింది. దాని ప్యానెల్లో కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది. కంప్రెసర్‌తోబాటు కంట్రోలర్ బోర్డు కూడా ఆరిపోయింది. అంటే "నేను ట్రిప్ అయ్యాను" అని చెప్పడానికి కూడా అక్కడ ఎవరూ లేరు. కంట్రోల్ రూములో స్క్రీన్ మీద మాత్రం చిల్లర్ బొమ్మ ఆకుపచ్చగా ఉంది. రన్ అని ఉంది. చల్లనీళ్లు 7.2 డిగ్రీలు అని ఉంది. గేట్‌వే చివరిసారి విన్న మాట అదే, దాన్నే పట్టికలో ఉంచి బీఎంఎస్‌కి ఇస్తూ ఉంది.

గదుల్లో ఉష్ణోగ్రత మెల్లగా పెరిగింది. ఆ సెన్సర్లు వేరే దారిలో, నేరుగా బ్యాక్‌నెట్‌లో వస్తాయి కాబట్టి అవి నిజమే చెప్పాయి. షిఫ్టులో ఉన్న కుర్రాడు ఏం చేశాడు? చిల్లర్ చూశాడు, 7.2 ఉంది. నీళ్లు చల్లగానే ఉన్నాయి, గది వేడెక్కుతోంది, కాబట్టి సెన్సరే పోయిందనుకున్నాడు. ఒక సెన్సర్ కాదు, వరసగా మూడు గదులు. అప్పుడు ఏహెచ్‌యూ వాల్వు పట్టేసిందనుకున్నాడు. నిచ్చెన వేసుకుని వాల్వు చేత్తో తిప్పి చూశాడు. కుర్రాణ్ని తిట్టడానికి లేదు. తన ముందున్న సాక్ష్యాన్ని బట్టి సరిగ్గానే ఆలోచించాడు, సాక్ష్యమే తప్పుడుది. చివరికి టీ కోసం కిందికి దిగిన హెల్పరు వచ్చి చెప్పాడట, "సార్, సిల్లర్ సప్పుడు నేదేటి?" అని.

నాణ్యత చూసే క్యూఏ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి చల్లనీళ్ల ఉష్ణోగ్రత గీత, అదే ట్రెండు, ప్రింటు తీసి నా ముందు పెట్టింది. "ఈ గీతలో వణుకే లేదేంటి సార్?" అంది. నడుస్తున్న చిల్లర్ నీళ్లు ఎప్పుడూ 7.2 దగ్గర ఆగవు. 7.0, 7.3, 7.1 అంటూ ఆడుతూనే ఉంటాయి. రాత్రి రెండింటి దాకా అలా ఆడిన గీత తర్వాత తిన్నగా పోయింది. ఆ ప్రింటులో నిజమూ అబద్ధమూ ఎక్కడ విడిపోయాయో వేలుపెట్టి చూపించొచ్చు. మందుల ఫ్యాక్టరీలో ఇది చిన్న విషయం కాదు. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అనే నిబంధన 1997 నుంచీ ఉంది, ఆడిటర్లు వచ్చి డేటా నమ్మదగిందా అనే అడుగుతారు. రికార్డులో ఖాళీ ఉంటే కారణం రాసి సంతకం పెట్టొచ్చు. ఎవరూ కొలవని విలువ కొలిచినట్టు రికార్డై ఉంటే ఏం రాయాలి?

మర్నాడు మీటింగు. చిల్లర్ కంపెనీ మనిషి, "నా బోర్డుకే కరెంటు లేదు, నేనెలా చెప్పను" అన్నాడు. బీఎంఎస్ వాళ్లు, "గేట్‌వే ఏమిచ్చిందో అదే చూపించాం" అన్నారు. గేట్‌వే కాంట్రాక్టరు పని అప్పగించినప్పటి హ్యాండోవర్ కాగితం తీశాడు. అడిగిన పాయింట్లన్నీ ఇచ్చాడు, అన్నిటికీ టిక్కులు, కింద సంతకాలు. ముగ్గురూ నిజమే చెప్పారు. పరీక్షలన్నీ అన్నీ బాగున్నప్పుడు చేసినవే.

బ్యాక్‌నెట్‌లో దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. ప్రతి వస్తువుకీ విలువతోబాటు స్టేటస్ ఫ్లాగ్స్ అని నాలుగు జెండాలు ఉంటాయి. అలారం ఉందా, ఫాల్ట్ ఉందా, ఎవరైనా చేత్తో పట్టేశారా, సర్వీసులోంచి తీసేశారా. చాలావాటిలో దాంతోబాటు రిలయబిలిటీ అని ఒకటి ఉంటుంది, కమ్యూనికేషన్ పోయిందని చెప్పడానికి అందులో విడిగా చోటుంది. మోడ్‌బస్‌లో ఇవేమీ లేవు, జవాబు రాకపోవడమే అక్కడ కబురు. ఆ మౌనాన్ని విని ఫాల్ట్ జెండా ఎత్తాల్సింది గేట్‌వే. ఆ డబ్బాకి ఆ పని వచ్చు కూడా. సెట్టింగుల్లో అట్టడుగున, జవాబు రాకపోతే ఏం చేయాలి అన్నదానికి మూడు దారులు ఉన్నాయి. పాత విలువ ఉంచు, ఫలానా విలువ పెట్టు, ఫాల్ట్ చూపించు. మొదటిదాని మీదే వదిలేశారు. నేను చూసినవాటిలో చాలావరకు పెట్టెలోంచి తీసేసరికి ఇలాగే ఉంటాయి. పైగా బీఎంఎస్ బొమ్మల్లో ఆ జెండాకి రంగే కట్టలేదు. ఒకవేళ గేట్‌వే ఎత్తినా చూసే కన్ను లేదు.

పాత విలువ వద్దంటే సున్నా పెట్టేద్దాం అంటారు కొందరు. అది ఇంకా ప్రమాదం. నీళ్ల ఉష్ణోగ్రత సున్నా అని వస్తే కంట్రోల్ లాజిక్ నమ్మి వాల్వు మూసేస్తుంది. గది పీడనం సున్నా అంటే అలారాలన్నీ ఒక్కసారి మోగుతాయి, రెండుసార్లు ఉత్తుత్తివి మోగాక మూడోసారి ఎవరూ లేవరు. విలువని అలాగే ఉంచి, పక్కన జెండా ఎత్తి, జెండా ఎత్తినప్పుడు ఏం చేయాలో లాజిక్‌లో రాసుకోవడమే పద్ధతి. వీలున్నచోట ఇంకోటి కూడా అడుగుతాను. చాలా పీఎల్‌సీల్లో సెకనుకోసారి ఒకటి పెరిగే లెక్కింపు రిజిస్టరు పెట్టించుకోవచ్చు. ఆ అంకె కదులుతున్నంతసేపు అవతల ప్రాణం ఉన్నట్టు. పది సెకన్లు కదలకపోతే బొమ్మ మొత్తం బూడిద రంగులోకి పోవాలి. ఖర్చు ఒక్క పాయింటు. గేట్‌వేలను పాయింట్ల లెక్కన అమ్ముతారు కాబట్టి కొనుగోలు విభాగం ఆ ఒక్కదాని దగ్గర కూడా బేరమాడుతుంది, అది వేరే కథ.

అప్పటినుంచి హ్యాండోవర్ రోజున నేను అడిగేది ఒకటే: వైరు పీకి చూపించండి. క్లయింటు మనిషి, క్యూఏ మనిషి స్క్రీన్ ముందు కూర్చోవాలి. నేను ప్యానెల్ దగ్గర 485 కనెక్టరు లాగుతాను. ఎన్ని సెకన్లకి రంగు మారిందో వాళ్లు రాసుకోవాలి. తర్వాత కనెక్టరు పెట్టేసి పరికరానికి కరెంటు తీయాలి. తర్వాత గేట్‌వేకే కరెంటు తీయాలి. ఈ మూడూ వేరువేరు చావులు, మూడింటికీ స్క్రీన్ వేరువేరుగా స్పందిస్తుంది. చివరగా కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. కొన్ని డబ్బాలు లేచిన వెంటనే, ఇంకా ఎవరినీ అడగకముందే పట్టిక నిండా సున్నాలు ఇచ్చేస్తాయి. ఆ కొద్ది సెకన్లలో కంట్రోల్ లాజిక్ చేయకూడనివి చేస్తుంది. మా వైపు కరెంటు వచ్చిపోయే లెక్కన చూస్తే ఇది అరుదైన పరీక్షేమీ కాదు.

చదవడం వరకు ఇదీ సంగతి. రాయడం ఇంకో అధ్యాయం, కొంచెమే చెబుతాను. బ్యాక్‌నెట్‌లో ఒక అవుట్‌పుట్‌కి 16 ప్రాధాన్య మెట్లు ఉంటాయి. ఆపరేటరు చేత్తో ఇచ్చేది 8వ మెట్టు మీద కూర్చుంటుంది. అతను వదిలేస్తే కింది మెట్ల మీద ఉన్న ఆటోమేటిక్ ఆదేశం మళ్లీ పైకి వస్తుంది. మోడ్‌బస్‌లో వదిలేయడం అనేదే లేదు. చివర ఎవరు రాస్తే అదే రాత. కాబట్టి స్క్రీన్ మీద ఆపరేటరు వదిలేశాక గేట్‌వే అవతలికి ఏం రాస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

డ్రైవ్‌ల విషయంలో ఇంకో గండం ఉంది. కొన్ని డ్రైవ్‌లు పారామీటర్లను కరెంటు పోయినా నిలిచే మెమరీలో రాసుకుంటాయి. ఆ మెమరీకి ఆయుష్షు లెక్క ఉంటుంది, మామూలుగా లక్షసార్ల వరుసలో. గేట్‌వే సెకనుకోసారి అదే విలువ రాస్తూ కూర్చుంటే లక్ష అంటే 28 గంటలు కూడా పట్టదు. వేగం ఆదేశానికి వేరే రిజిస్టరు ఉంటుంది, అది తాత్కాలిక మెమరీలోకి పోతుంది. దానికే రాయాలి. మిగిలినవి విలువ మారినప్పుడు మాత్రమే రాసేట్టు పెట్టాలి. మామూలు మోడ్‌బస్‌లో పాస్‌వర్డు అనే మాటే లేదని కూడా గుర్తుంచుకోండి. ఇన్నాళ్లూ ప్యానెల్లో దాక్కున్న రెండు తీగల లైనుని గేట్‌వే తెచ్చి ఆఫీసు నెట్‌వర్కులో కలిపిందంటే, మోడ్‌బస్ వాడే 502 పోర్టు దాకా రాగలిగిన ఎవరైనా చిల్లర్‌ని ఆపగలరు. విడి నెట్‌వర్కు అడగండి. ఐటీ వాళ్లు సణుగుతారు, సణగనివ్వండి.

ఈమధ్య అందరికీ ఫోన్లో కావాలి. పలాసలో జీడిపప్పు యూనిట్ నడిపే ఒకాయన, "హైదరాబాదులో ఉన్నా బాయిలర్ ప్రెషర్ కనబడాలండీ" అన్నారు. దానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి వాడతాం. 1999లో ఐబీఎంకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ కంపెనీకి చెందిన ఆర్లెన్ నిపర్ కలిసి, చమురు పైపులైన్ల సమాచారం ఉపగ్రహం మీదుగా తక్కువ ఖర్చుతో తెప్పించడానికి చేసినది. పుట్టిందే లింకు తెగిపోయే చోట కాబట్టి చావు గురించి ముందే ఆలోచించారు. గేట్‌వే కనెక్టయ్యేటప్పుడే వీలునామా లాంటి సందేశం ఒకటి అప్పగించి ఉంచవచ్చు. అది చెప్పకుండా మాయమైతే, నడుమనున్న సర్వరు ఆ సందేశాన్ని అందరికీ పంపేస్తుంది. నాకు భలే నచ్చిన ఏర్పాటు. కానీ చూడండి, అది గేట్‌వే చావుకే. గేట్‌వే బతికి ఉండి దాని వెనక బాయిలర్ కంట్రోలర్ చచ్చిపోతే మళ్లీ మొదటి కథే, ఆఖరి నంబరు ఫోన్లో మెరుస్తూ ఉంటుంది. స్పార్క్‌ప్లగ్ అని దీని మీద కట్టిన పద్ధతిలో వెనకనున్న ఒక్కో పరికరం చావుకీ విడివిడి కబురు ఉంటుంది. గేట్‌వే కొనేముందు అది ఉందా అని అడగాలి.

పలాస ఆయనకి ఫోన్లో ఇచ్చాం గానీ, బాయిలర్ దగ్గర గోడ మీద చిన్న స్క్రీన్ కూడా పెట్టించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. జనరేటర్ వేసుకుని పని మొదలుపెట్టినవాళ్లకి క్లౌడ్ దేనికి పనికొస్తుంది? "గోడ మీదిది ఎందుకండీ, డబ్బు దండగ" అని మొదట అన్నది కూడా ఆయనే. తిత్లీ పేరెత్తగానే మారుమాట్లాడలేదు.

ఆఖరుగా ఒక చిల్లర విషయం. ఈ డబ్బాలు పిడుగులకి పోతాయి, వేసవి చివర్లో మరీ. కొత్తది తెచ్చి పెట్టడం గంట పని. అందులో ఉండాల్సిన మ్యాపింగ్ ఫైలు మాత్రం బిగించిన కాంట్రాక్టరు ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఆ కుర్రాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయి ఉంటాడు. అందుకే నా బిల్లులో ఇప్పుడు మూడు వస్తువులు రాస్తాను: గేట్‌వే, అదే మోడల్ స్పేరు ఒకటి, దానిలో అప్పటికే ఎక్కించి పరీక్షించిన ఫైలు. స్పేరు స్టోర్సులో సీలు వేసి ఉంటుంది. రిజిస్టర్ల పట్టిక లామినేట్ చేసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటిస్తాను, కింద పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో డిపార్ట్‌మెంటు పేరుతో సహా. స్పేరుకి డబ్బెందుకని అడిగినవాళ్లకి రెండు ధరలు చెబుతున్నాను, స్పేరుతో ఒకటి, జూన్‌లో రాత్రిపూట నన్ను పిలిస్తే ఒకటి.